వోల్టేజీ, కరెంటు నుంచి నిరోధం, పవర్ లెక్కగట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వోల్టేజీ, కరెంటు రెండూ తెలుసు. నిరోధం, పవర్ ఎలా కట్టాలి?

ఒక భాగహారం, ఒక గుణకారం చాలు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఓముల్లో వస్తుంది. రెంటినీ గుణిస్తే పవర్ వాట్లలో వస్తుంది.

ఇస్త్రీపెట్టె వేడెక్కుతుండగా దాని దగ్గర వోల్టేజీ 228, అది తీసుకునే కరెంటు 3.2 ఆంపియర్లు ఉందనుకోండి. 228 ÷ 3.2 = 71.25 ఓములు. 228 × 3.2 = 729.6 వాట్లు. పెట్టె మీద 750 వాట్లు అని ఉంటే మీ కొలత సరిగ్గానే ఉంది. ఆ 750 అనేది 230 వోల్టులకు చెప్పిన లెక్క.

తప్పు ఎక్కువగా జరిగేది కొలిచే చోట. రెండు కొలతలూ ఒకే వస్తువుకి, ఒకే సమయంలో తీయాలి. ప్లగ్గు పెట్టకముందు సాకెట్‌లో వోల్టేజీ చూసి, పెట్టాక కరెంటు చూసి లెక్క కడితే జవాబు తేడా వస్తుంది. లోడు పడగానే వోల్టేజీ నాలుగైదు వోల్టులు తగ్గడం మామూలే. పల్లెల్లో లైను చివర ఉన్న ఇళ్లలో ఇరవై ముప్పై కూడా తగ్గవచ్చు.

బడిలో చదివిన మాటలకీ, ఎలక్ట్రీషియన్ మాటలకీ పొంతన ఎలా?

పాఠ్యపుస్తకంలో విద్యుత్ ప్రవాహం అన్నది ఇక్కడ కరెంటు, పొటెన్షియల్ భేదం అన్నది వోల్టేజీ, విద్యుత్ సామర్థ్యం అన్నది పవర్. చిక్కు ‘కరెంటు’ అనే మాటతోనే వస్తుంది. ‘కరెంటు పోయింది’, ‘కరెంటు తక్కువగా వస్తోంది’ అంటాం. మొదటిది సరఫరా గురించి, రెండోది నిజానికి వోల్టేజీ గురించి. ఈ పేజీలో కరెంటు అంటే ఆంపియర్లలో కొలిచేది మాత్రమే.

పవర్‌కి మూడు సూత్రాలు ఉన్నాయి కదా, ఏది ఎప్పుడు వాడాలి?

చేతిలో ఏ రెండు కొలతలు ఉన్నాయో దాన్ని బట్టి. వోల్టేజీ, కరెంటు ఉంటే వాటిని గుణించండి. వోల్టేజీ, నిరోధం ఉంటే వోల్టేజీ వర్గాన్ని నిరోధంతో భాగించండి. కరెంటు, నిరోధం ఉంటే కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించండి.

మూడూ ఒకే సంగతి చెప్పినా పనిలో వాటి చోట్లు వేరు. హీటరు, గీజరు, ఇస్త్రీపెట్టె లాంటి వాటికి రెండోది వాడటం సులువు. వాటి నిరోధం దాదాపు స్థిరం, మారేది వోల్టేజీ. వైరు, జాయింటు, ప్లగ్గు, బ్యాటరీ టెర్మినల్ వేడెక్కడం గురించి అయితే మూడోదే. అక్కడ తెలిసేది వాటిలో పారే కరెంటు. ఇలాంటి చోట 230 వోల్టులను రెండో సూత్రంలో పెట్టకూడదు. వైరు మీద పడేది 230 కాదు, ఏ మూడో నాలుగో వోల్టులు మాత్రమే. చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు.

మిల్లీఆంపియర్లు, కిలోఓములు వచ్చినప్పుడు లెక్క తప్పుతోంది. ఎందుకు?

సూత్రంలో పెట్టేముందు అన్నిటినీ వోల్టులు, ఆంపియర్లు, ఓములుగా మార్చండి. 20 మిల్లీఆంపియర్లు అంటే 0.02 ఆంపియర్లు. 4.7 కిలోఓములు అంటే 4700 ఓములు. చిన్న సర్క్యూట్లలో ఇంకో దారి కూడా ఉంది: వోల్టులను మిల్లీఆంపియర్లతో భాగిస్తే జవాబు నేరుగా కిలోఓముల్లో వస్తుంది.

గీజరు మీద 2000 వాట్లు అని ఉంది. మా ఊళ్లో వోల్టేజీ 180కి పడిపోతుంది. అప్పుడు అది ఎన్ని వాట్లు తీసుకుంటుంది?

ముందు ఎలిమెంట్ నిరోధం కట్టండి. 230 వర్గం 52,900. దాన్ని 2000తో భాగిస్తే 26.45 ఓములు. వోల్టేజీ మారినా ఇది దాదాపు మారదు. ఇప్పుడు 180 వర్గం 32,400ని 26.45తో భాగిస్తే 1225 వాట్లు. కరెంటు 8.7 ఆంపియర్ల నుంచి 6.8కి తగ్గుతుంది.

వోల్టేజీ తగ్గింది 22 శాతమే, పవర్ తగ్గింది దాదాపు 39 శాతం. వర్గం వల్ల వచ్చిన తేడా అది. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55కి వేడెక్కాలంటే సుమారు 1884 కిలోజౌళ్లు కావాలి. 2000 వాట్ల దగ్గర పదహారు నిమిషాలు, 1225 వాట్ల దగ్గర ఇరవై ఆరు నిమిషాలు.

లో వోల్టేజీలో గీజరుకి బిల్లు ఎక్కువ వస్తుందనే మాట తరచూ వింటాం. అది నిజం కాదు. పవర్ తగ్గింది, సమయం పెరిగింది. నీళ్లకు కావలసిన శక్తి రెండు సందర్భాల్లోనూ 0.52 యూనిట్లే. ఎక్కువసేపు పట్టినందువల్ల ట్యాంకు గోడల నుంచి పోయే వేడి కొంచెం పెరుగుతుంది, అంతే. మోటారు సంగతి మాత్రం పూర్తిగా వేరు, కింద చూడండి.

గీజరు ఎలిమెంట్ బాగుందో లేదో మల్టీమీటరుతో ఎలా చూడాలి?

మీటరులోని ఓమ్ రేంజి తన సొంత బ్యాటరీతో చిన్న కరెంటు పంపి నిరోధం కొలుస్తుంది. బయటి సరఫరా ఉండగా ఓమ్ రేంజిలో ప్రోబులు పెడితే కొలత తప్పుతుంది, మీటరు కాలిపోవచ్చు, చేతికి ప్రమాదం.

1. గీజరు ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) ఆపండి, ప్లగ్గు తీసేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. పాత వైరింగులో స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉండవచ్చు.
2. మీటరును 200 ఓముల రేంజిలో పెట్టి, రెండు ప్రోబుల మొనలూ ఒకదానికొకటి గట్టిగా తాకించండి. 0.2 నుంచి 0.5 దాకా ఏదో అంకె చూపిస్తుంది. అది ప్రోబు వైర్ల నిరోధం. ఆ తర్వాత తీసే ప్రతి కొలతలోంచి దాన్ని తీసేయాలి.
3. ఎలిమెంట్ టెర్మినళ్లకున్న రెండు వైర్లూ విప్పండి. ఒక్కటైనా విప్పకపోతే మిగతా సర్క్యూట్ కూడా కొలతలో కలుస్తుంది.
4. టెర్మినళ్ల మధ్య కొలవండి. 2000 వాట్లదైతే 26 ఓముల చుట్టుపక్కల రావాలి. అంకె రాకుండా ‘ఓపెన్’ అని చూపిస్తే లోపల తీగ తెగింది.
5. మీటరును పెద్ద రేంజికి మార్చి, ఒక్కో టెర్మినల్‌కీ ఎలిమెంట్ పైగొట్టానికీ మధ్య కొలవండి. ఇక్కడ అంకె రాకూడదు. కొన్ని కిలోఓములు చూపించినా లోపలికి తడి దిగినట్టే. ఆ ఎలిమెంట్ నీళ్లు కాస్తూనే ఉన్నా మార్చేయండి. కుళాయి ముట్టుకుంటే జిల్లుమనడానికి కారణం చాలాసార్లు ఇదే.

విప్పడం ఇష్టం లేక ప్లగ్గు పిన్నుల దగ్గరే కొలిచేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నీళ్లు వేడిగా ఉంటే, వేడెక్కగానే సర్క్యూట్ తెంచే థర్మోస్టాట్ తెరుచుకుని ఉంటుంది, మీటరు ‘ఓపెన్’ అంటుంది. ఎలిమెంట్ పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. నీళ్లు చల్లారాక కొలవండి.

100 వాట్ల పాత బల్బు నిరోధం లెక్కలో 529 ఓములు వస్తోంది, మీటరు 40 దగ్గర చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. మీటరు కొలిచింది చల్లటి తీగని, లెక్క చెప్పింది వెలుగుతున్న తీగ గురించి. టంగ్‌స్టన్ తీగ వెలిగేటప్పుడు రెండువేల డిగ్రీల సెల్సియస్ దాటిపోతుంది. లోహాల నిరోధం వేడితో పెరుగుతుంది కాబట్టి పదమూడు రెట్ల దాకా తేడా వస్తుంది. స్విచ్ వేసిన క్షణంలో 230 ÷ 40 = 5.75 ఆంపియర్లు పారి, వెంటనే 0.43కి దిగిపోతుంది. బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే ఎందుకు పోయేవో ఇందులో ఉంది. గీజరు ఎలిమెంట్‌లో వాడే నైక్రోమ్‌కి ఈ మార్పు చాలా స్వల్పం.

గేయార్గ్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమం ఉష్ణోగ్రత మారనప్పుడు లోహపు తీగలకు వర్తిస్తుంది. ప్రతి వస్తువుకీ ఒక స్థిరమైన నిరోధం ఉంటుందని ఆ నియమం చెప్పదు. ఎల్ఈడీ, డయోడ్, మోటారు, సెల్‌ఫోన్ చార్జరు దాని కిందికి రావు. వాటికి వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఏదో అంకె వస్తుంది కానీ వోల్టేజీ మారగానే ఆ అంకె పనికిరాదు.

కరెంటు కొలవడానికి మల్టీమీటరు మంచిదా, క్లాంప్ మీటరు మంచిదా?

ఇంటి సరఫరా మీద, వైరు తెంచకుండా దాని చుట్టూ దవడ వేసి కొలిచే క్లాంప్ మీటరే వాడండి. మల్టీమీటరుతో కరెంటు కొలవాలంటే వైరు తెంచి మీటరును మధ్యలో కలపాలి. ఎరుపు ప్రోబును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాలి. కొలత అయ్యాక దాన్ని తిరిగి వోల్టేజీ రంధ్రంలోకి మార్చడం మరిచిపోతే, తర్వాత సాకెట్‌లో వోల్టేజీ చూద్దామని ప్రోబులు పెట్టిన క్షణంలో నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ రంధ్రానికి లోపలి నిరోధం దాదాపు సున్నా. చౌకరకం మీటర్లలో దానికి ఫ్యూజు కూడా ఉండదు. మెరుపు ముఖం మీదికి వస్తుంది.

క్లాంప్ మీటరు వాడేటప్పుడు ఒక్క వైరు చుట్టూ మాత్రమే దవడ వేయాలి. ఫేజు, న్యూట్రల్ కలిసి ఉన్న కేబుల్ మొత్తాన్ని పడితే రెండు అయస్కాంత క్షేత్రాలూ రద్దయిపోయి సున్నా చూపిస్తుంది. చిన్న కరెంటు అయితే వైరును దవడ చుట్టూ పది చుట్లు తిప్పి, వచ్చిన అంకెను పదితో భాగించండి. సోలార్ ప్యానెల్, బ్యాటరీ దగ్గర డీసీ కొలవాలంటే ‘ఏసీ/డీసీ’ అని రాసి ఉన్న క్లాంప్ మీటరే కావాలి. మామూలు ఏసీ రకం అక్కడ సున్నాయే చూపిస్తుంది. ఇన్వర్టర్, ఎల్ఈడీ, డిమ్మర్ ఉన్న చోట ‘ట్రూ ఆర్ఎంఎస్’ రకం తీసుకోండి.

క్లాంప్ మీటరే లేదు. ఇంట్లో లోడు ఎంతో తెలుసుకునే దారి ఉందా?

ఉంది, అది కచ్చితమైన దారి కూడా. బిల్లు కోసం ఇంటికి పెట్టిన ఎలక్ట్రానిక్ మీటరు మీద ‘3200 ఇంపల్స్‌లకు ఒక యూనిట్’ అనే అర్థంలో ఒక అంకె ముద్రించి ఉంటుంది. చిన్న ఎర్ర లైటు మిణుకుమనడం లెక్కపెట్టండి. 60 సెకన్లలో 10 సార్లు మిణుకుమంటే:

36,00,000 × 10 ÷ (3200 × 60) = 187.5 వాట్లు.

మీ మీటరు మీద 1600 అనో 6400 అనో ఉంటే 3200 స్థానంలో అది వేయండి. ఒక్క వస్తువు సంగతే కావాలంటే అది ఆన్‌లో ఉన్నప్పుడు, ఆఫ్‌లో ఉన్నప్పుడు విడివిడిగా కొలిచి తేడా తీయండి. ఫ్రిజ్ మధ్యలో ఆన్ అయితే లెక్క చెడుతుంది, ఆ కాసేపు దాన్ని ఆపండి.

ఒక హెచ్.పి. మోటారు వైండింగ్ కొలిస్తే 3 ఓములు వచ్చింది. 230 ÷ 3 అంటే దాదాపు 77 ఆంపియర్లు పారాలి. కానీ 6, 7 ఆంపియర్లే తీసుకుంటోంది. ఎందుకు?

మీటరు చూసింది రాగి తీగ నిరోధాన్ని మాత్రమే. ఏసీ సరఫరాలో కాయిల్ తన అయస్కాంత క్షేత్రంతోనూ కరెంటును అడ్డుకుంటుంది. పైగా మోటారు తిరుగుతున్నప్పుడు దానిలోనే ఎదురు వోల్టేజీ పుడుతుంది. నిజంగా కరెంటును అదుపులో పెట్టేవి ఇవే.

ఇది అర్థమైతే మోటార్లు ఎలా కాలిపోతాయో కూడా తెలుస్తుంది. పంపులో రాయో ఇసుకో పట్టుకుని మోటారు తిరగకుండా మూలిగితే ఎదురు వోల్టేజీ ఉండదు, కరెంటు అయిదారు రెట్లవుతుంది. అయిదు రెట్ల కరెంటు అంటే వైండింగ్‌లో ఇరవై అయిదు రెట్ల వేడి. ఎనామిల్ పూత కాలి వాసన రావడానికి ఎక్కువసేపు పట్టదు. మూలుగు వినగానే ఆపేయాలి, మళ్లీ మళ్లీ స్టార్టరు నొక్కకూడదు.

మోటారుకి పవర్ లెక్క ఎలా?

సింగిల్ ఫేజు: వోల్టేజీ × కరెంటు × పవర్ ఫ్యాక్టర్. త్రీ ఫేజు: 1.732 × రెండు ఫేజుల మధ్య వోల్టేజీ × ఒక వైరులో కరెంటు × పవర్ ఫ్యాక్టర్. పవర్ ఫ్యాక్టర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చినదాంట్లో నిజంగా పవర్ అయ్యే వంతు. అది మోటారు పలక మీద ఉంటుంది, చాలా పంపు మోటార్లకు 0.8 దగ్గర.

బోరు దగ్గర 5 హెచ్.పి. మోటారు మీద 410 వోల్టులు, 7.5 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.82 అనుకుంటే 1.732 × 410 × 7.5 × 0.82 = సుమారు 4370 వాట్లు. గంటకి 4.37 యూనిట్లు. 5 హెచ్.పి. అంటే 5 × 746 = 3730 వాట్లే కదా అని సందేహం వస్తుంది. పలక మీద ఉండే హెచ్.పి. షాఫ్టు మీద వచ్చే పని. లోపలికి వెళ్లే పవర్ దానికంటే ఎప్పుడూ ఎక్కువే. మిగతాది వేడిగా, రాపిడిగా పోతుంది. మెకానిక్కులు హెచ్.పి.కి ఒకటిన్నర ఆంపియర్ చొప్పున వేసే ఉజ్జాయింపు 415 వోల్టుల త్రీ ఫేజు మోటార్లకు బాగానే సరిపోతుంది. సింగిల్ ఫేజుకి దాన్ని వాడకండి.

లో వోల్టేజీలో గీజరు నెమ్మదిస్తుంది, మోటారు మాత్రం కాలిపోతుంది. ఈ తేడా ఎందుకు?

గీజరుకి నిరోధం స్థిరం. వోల్టేజీ తగ్గితే కరెంటూ తగ్గుతుంది. మోటారుకి మీద పడే పని స్థిరం. నీళ్ల ఎత్తు అదే, పంపు అదే. వోల్టేజీ తగ్గితే అదే పని కోసం కరెంటు ఎక్కువ లాగుతుంది. పై మోటారుకి 410 బదులు 340 వోల్టులే వస్తే, అదే 4370 వాట్ల కోసం సుమారు 9 ఆంపియర్లు కావాలి. 9ని 7.5తో భాగించి వర్గం చేస్తే 1.44. వైండింగ్‌లో వేడి నలభై శాతానికి పైగా పెరిగినట్టు.

మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంకా కష్టం. మోటారు అదే లోడుతో తిరుగుతూ ఉంటే మిగిలిన రెండు వైర్లలో కరెంటు సుమారు 1.73 రెట్లు, దాని వర్గం 3. అంటే మూడు రెట్ల వేడి. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేని పలక మీదున్న ఆంపియర్లకు సెట్ చేసి, ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజు ప్రివెంటర్ పెడితే మోటారు దక్కుతుంది. రిలే మాటిమాటికీ పడిపోతోందని దాన్ని పెంచి పెట్టడమో, తీసేసి నేరుగా కలపడమో చాలా చోట్ల జరుగుతుంది. రిలే పడుతోందంటే కరెంటు నిజంగానే ఎక్కువ పారుతోంది. ముందు క్లాంప్ మీటరుతో మూడు వైర్లూ కొలిచి చూడండి.

ఇంటి నుంచి 100 మీటర్ల దూరంలో ఉన్న మోటారుకి ఏ వైరు వేయాలి?

ఈ లెక్క వేయకుండా వైరు కొనడం వల్లే చాలా మోటార్లు స్టార్ట్ కావు. రాగి తీగకి ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు మందానికి సుమారు 0.018 ఓములు తీసుకోండి. దాన్ని పొడవుతో గుణించి, మందంతో భాగించాలి. పొడవు 100 మీటర్లు కాదు, 200. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. ఎక్కువమంది మరిచేది ఇదే.

1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి 0.018 × 200 ÷ 1.5 = 2.4 ఓములు. మోటారు 7 ఆంపియర్లు తీసుకుంటే వైరులోనే 7 × 2.4 = దాదాపు 17 వోల్టులు పోతాయి. ఆన్ చేసిన క్షణంలో 30 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 72 వోల్టులు పోతాయి. మోటారుకి చేరేది 158. అది మూలుగుతుంది తప్ప తిరగదు. మోటారు చెడిపోయిందనుకుని వైండింగుకి ఇస్తారు, షాపులో బాగానే తిరుగుతుంది.

4 వైరు వేస్తే నిరోధం 0.9 ఓములు. నడిచేటప్పుడు పోయేది 6.3 వోల్టులు, స్టార్టింగులో 27. ఇక ఇబ్బంది ఉండదు. వైరు వేడిలో పోయే పవర్ కూడా చూడండి: 1.5 వైరులో 7 × 7 × 2.4 = సుమారు 118 వాట్లు, 4 వైరులో 44 వాట్లు. రోజుకి ఎనిమిది గంటలు నడిపితే మొదటిదాంట్లో దాదాపు ఒక యూనిట్ వైరు వేడికే పోతుంది. అల్యూమినియం వైరైతే అదే నిరోధం కోసం రాగికంటే సుమారు 1.6 రెట్ల మందం కావాలి.

గీజరు ప్లగ్గు నల్లబడి కరిగిపోతోంది, ఎమ్‌సీబీ మాత్రం పడటం లేదు. ఎందుకు?

సాకెట్ లోపలి క్లిప్పు వదులై, పిన్నుకి సరిగా ఆనక అక్కడ అర ఓమ్ నిరోధం ఏర్పడిందనుకోండి. మొత్తం నిరోధం 26.45 + 0.5 = 26.95. కరెంటు 230 ÷ 26.95 = 8.53 ఆంపియర్లు. ఆ వదులు చోట పుట్టే వేడి 8.53 × 8.53 × 0.5 = సుమారు 36 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దానికంటే ఎక్కువ వేడి ప్లాస్టిక్ ప్లగ్గు లోపల, గాలి ఆడని చోట పుడుతోంది.

ఎమ్‌సీబీ ఎందుకు పడదంటే కరెంటు పెరగలేదు, 8.7 నుంచి 8.53కి తగ్గింది. ఎమ్‌సీబీ చూసేది కరెంటును మాత్రమే. గీజరుకి తగ్గిన వోల్టేజీ నాలుగే కాబట్టి నీళ్లు కాగడంలోనూ తేడా తెలియదు. ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియకుండా గోడలో మంట పుట్టే స్థితి ఇది.

ప్లగ్గు ఒక్కటే మార్చితే లాభం లేదు. వదులైన సాకెట్ అలాగే ఉంటే కొత్త ప్లగ్గు కూడా నల్లబడుతుంది. రెండూ మార్చి, సాకెట్ వెనక స్క్రూలు బిగించి, కాలి గట్టిబడిన వైరు చివర కత్తిరించి కొత్త రాగి తేల్చాలి. పావుగంట వాడాక ఆపి, ప్లగ్గు తీసి పిన్నుల దగ్గర చెయ్యి ఉంచి చూడండి. గోరువెచ్చన దాటితే కాంటాక్టు సరిలేదు. 1500 వాట్ల నీళ్లు కాచే రాడ్డు 6.5 ఆంపియర్లు తీసుకుంటుంది. దాన్ని 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకండి, ఎక్స్‌టెన్షన్ బోర్డులో అసలే వద్దు.

ఇన్వర్టర్ బ్యాటరీకి అంత లావు వైర్లు ఎందుకు?

వోల్టేజీ తక్కువైనప్పుడు అదే పవర్‌కి కరెంటు పెరుగుతుంది. 600 వాట్ల లోడుకి, ఇన్వర్టర్ తీసుకున్న పవర్‌లో 80 శాతమే బయటికి ఇస్తుందనుకుంటే, బ్యాటరీ ఇవ్వాల్సింది 750 వాట్లు. 750 ÷ 12 = 62.5 ఆంపియర్లు. టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొర పట్టి ఒక్క 0.01 ఓమ్ పెరిగినా అక్కడ 0.6 వోల్టులు పోయి 39 వాట్ల వేడి పుడుతుంది. 12 వోల్టుల్లో 0.6 తగ్గితే బ్యాటరీలో చార్జి ఉన్నా ఇన్వర్టర్ ‘లో బ్యాటరీ’ అని ఆగిపోతుంది. కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్లు విప్పి, వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక గట్టిగా బిగించి, పెట్రోలియం జెల్లీ రాసి చూడండి.

ఎల్ఈడీకి రెసిస్టర్ ఎంతది వేయాలి?

సరఫరా వోల్టేజీలోంచి ఎల్ఈడీ వోల్టేజీ తీసేసి, మిగిలినదాన్ని కావలసిన కరెంటుతో భాగించండి. 12 వోల్టులకి, 2 వోల్టుల ఎర్ర ఎల్ఈడీకి, 20 మిల్లీఆంపియర్లకి: 10 ÷ 0.02 = 500 ఓములు. బజారులో సులువుగా దొరికేది 560, అది వేయండి. దానిలో వేడి 10 × 10 ÷ 560 = 0.18 వాట్లు. పావు వాటు రెసిస్టర్ సరిపోతుందనిపిస్తుంది. బండి ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14.4 వోల్టులు ఉంటాయి. అప్పుడు 12.4 × 12.4 ÷ 560 = 0.27 వాట్లు. అందుకే అర వాటుది వాడాలి. రెసిస్టర్ పవర్ రేటింగు లెక్కలో వచ్చినదానికి రెట్టింపు ఉండేలా చూసుకోవడం మంచి అలవాటు.

అమెరికా నుంచి తెచ్చిన రైస్ కుక్కర్ ఇక్కడ వాడొచ్చా? ఇక్కడి మిక్సీ అక్కడికి తీసుకెళ్లొచ్చా?

అక్కడి సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. 120 వోల్టులకి 600 వాట్ల కుక్కర్ నిరోధం 24 ఓములు. దాన్ని ఇక్కడ 230కి పెడితే 52,900 ÷ 24 = 2200 వాట్లు. కొద్ది నిమిషాల్లో ఎలిమెంటో ఫ్యూజో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఇక్కడి 750 వాట్ల ఇస్త్రీపెట్టెను అక్కడ పెడితే 14,400 ÷ 70.5 = 204 వాట్లే వస్తాయి. కాలిపోదు కానీ పంచె మడత కూడా పోదు. మిక్సీకి స్టెప్‌అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి కనీసం 1500 వాట్ల రేటింగు ఉన్నది తీసుకోండి. మినప్పప్పు రుబ్బేటప్పుడు, ఆన్ చేసిన క్షణంలో అది చాలా ఎక్కువ లాగుతుంది. మిక్సీలో ఉండేది బ్రష్షుల మోటారు కాబట్టి 60 హెర్ట్జ్‌తో ఇబ్బంది లేదు. చార్జరు మీద 100 నుంచి 240 అని ఉంటే ఏ దేశంలోనైనా నేరుగా పెట్టుకోవచ్చు.

ఎర్తింగ్ ఉంది, ఎమ్‌సీబీ ఉంది. అయినా మోటారు బాడీకి షాక్ ఎందుకు కొడుతోంది?

ఫేజు వైరు బాడీకి తాకిందనుకుందాం. కరెంటు ఎర్తు గొట్టం ద్వారా భూమిలోకి వెళ్తుంది. ఎండాకాలంలో నేల ఎండి ఎర్తు నిరోధం 20 ఓములు ఉంటే 230 ÷ 20 = 11.5 ఆంపియర్లు మించవు. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి అది మామూలు లోడే, పడదు. సరఫరా వోల్టేజీ దాదాపు అంతా ఆ 20 ఓముల మీదే, అంటే మోటారు బాడీకీ నేలకీ మధ్యే నిలిచి ఉంటుంది. తడి కాళ్లతో ముట్టుకున్న మనిషి శరీర నిరోధాన్ని లెక్కకోసం 1000 ఓములు అనుకుంటే 230 మిల్లీఆంపియర్లు పారుతాయి. 30 మిల్లీఆంపియర్లు దాటి కొద్దిసేపు పారినా ప్రాణానికి ముప్పే.

దీనికి మందు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది వెళ్లే కరెంటు, తిరిగి వచ్చే కరెంటు పోల్చి, తేడా రాగానే తెంచేస్తుంది. పై సందర్భంలో మనిషి ముట్టుకోకముందే, 11.5 ఆంపియర్లు భూమిలోకి మళ్లిన వెంటనే పడిపోతుంది. నెలకోసారి దాని మీదున్న టెస్టు బటన్ నొక్కి, పడుతోందో లేదో చూడండి. ఎర్తింగ్ మాత్రం దీంతో అక్కర్లేకుండా పోదు. ఎర్తు లేకపోతే కరెంటు మళ్లేది మనిషి ముట్టుకున్నాకే.

ఎర్తు నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవలేం. నేలలో ఉండే చిన్న చిన్న వోల్టేజీలు దాని అంకెను తప్పుదారి పట్టిస్తాయి. రెండు ఇనుప మేకులు దూరంగా పాతి కొలిచే ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, వానాకాలంలో కాక మే నెలలో కొలిపించండి. అంకె అప్పుడే అతి ఎక్కువగా ఉంటుంది.